ఆవలి గట్టుకు ఎంత పొడవు లెన్సు?

భద్రాచలం వద్ద గోదావరి వెడల్పు కిలోమీటరు పైచిలుకు ఉంటుంది కాబట్టి, పట్టణం వైపు కరకట్ట మీద నిలిపిన కెమెరాకు సారపాక వైపు గట్టు మీది చెట్టు ఎంత పరిమాణంలో దొరుకుతుందన్నది ప్రధానంగా లెన్సు నాభ్యంతరం తేల్చే విషయం. నాభ్యంతరం అంటే అనంత దూరంలోని వస్తువు స్పష్టంగా కనిపించేలా కుదిర్చినప్పుడు లెన్సుకూ ఫిలింకూ మధ్య ఉండే దూరం. మామూలు లెన్సుల్లో ఇది దాదాపు కెమెరా పొడవుకు సమానం. చెట్టు ఎత్తు 20 మీటర్లు, దూరం 1,200 మీటర్లు అనుకుంటే 300 మిల్లీమీటర్ల లెన్సు దాన్ని ఫిలిం మీద 5 మిల్లీమీటర్ల గీతగా నిలబెడుతుంది. 600 మిల్లీమీటర్ల లెన్సు 10 మిల్లీమీటర్లుగానూ, 1,210 మిల్లీమీటర్ల లెన్సు 20 మిల్లీమీటర్లకు కాస్త ఎక్కువగానూ నిలబెడతాయి. అయిదు మిల్లీమీటర్ల చెట్టులో కొమ్మలు కలిసిపోయి ఆకుపచ్చ మబ్బులా మిగులుతాయి. పది మిల్లీమీటర్ల చెట్టులో టేకు కొమ్మ సాగిన తీరుకూ, నల్లమద్ది మానుకూ, వెదురు పొదకూ తేడా తెలుస్తుంది. వృక్షశాస్త్రజ్ఞుడికైనా, అడవి అంచు ఏటేటా ఎంత వెనక్కి జరుగుతోందో నమోదు చేయదలచిన వారికైనా ఈ తేడాయే ముఖ్యం.

పెద్ద ఫార్మాట్ ఛాయాగ్రహణం అంటే రోల్ ఫిలింతో కాక, ఒక్కొక్క చిత్రానికి ఒక్కొక్క పెద్ద ఫిలిం పలకను వాడే పద్ధతి. 4×5 అంగుళాల పలక నుంచి ఈ తరగతి మొదలవుతుంది, 8×10 అంగుళాల పలక దీనిలో ప్రామాణికమైనది. ఆరో నిజాం ఆస్థాన ఛాయాగ్రాహకుడై, 1894లో రాజా ముసవ్విర్ జంగ్ బహదూర్ అనే బిరుదు పొందిన లాలా దీన్ దయాళ్ కాలంలో ఆ పలకలు గాజువి. నేడు అవి ప్లాస్టిక్ ఫిలిం మీదికి మారాయి గానీ, కెమెరా కట్టుబడి మాత్రం మౌలికంగా మారలేదు. వెనుక గరుకు గాజు, ముందు లెన్సు పలక, రెంటి మధ్య మడతలు మడతలుగా సాగే బెలోస్, ఛాయాగ్రాహకుడి తల మీద నల్లగుడ్డ. 1940ల్లో కేరళలోని ఆలప్పుళలో తయారై దేశమంతటా స్టూడియోలకు చేరిన వాగేశ్వరి కెమెరాలు కూడా టేకు చెక్కతో కట్టిన ఈ జాతివే. పెద్ద పలక వల్ల కలిగే అసలు ప్రయోజనం ఏమిటంటే, నెగటివ్‌ను పెంచకుండా నేరుగా కాగితానికి ఆనించి అచ్చు తీయవచ్చు; అలాంటప్పుడు ఫిలిం మీద పది మిల్లీమీటర్లు ఉన్న చెట్టు కాగితం మీద కూడా పది మిల్లీమీటర్లే ఉంటుంది, దానిలోని వివరం దేన్నీ పెంచే యంత్రం చెరపదు.

8×10 పలకలో చిత్రం పడే భాగానికి మూల నుంచి మూలకు కొలత రమారమి 312 మిల్లీమీటర్లు. ఆ కొలతకు దగ్గరగా ఉన్న 300 మిల్లీమీటర్ల లెన్సు దానికి సాధారణ లెన్సు అవుతుంది. అంతకు రెట్టింపు, మూడింతలు, నాలుగింతలు పొడవు కావాలన్నప్పుడు చిత్రాలు తీయడం కోసమే చేసిన లెన్సులు అరుదుగానూ ఖరీదుగానూ ఉండటం వల్ల, ప్రపంచమంతటా ఈ విద్యను అభ్యసించేవారి చూపు ముద్రణాలయాలు వదిలేసిన ప్రాసెస్ లెన్సుల మీద పడింది. ఆ లెన్సులు అసలు ఏ పనికోసం పుట్టాయో తెలిస్తే తప్ప వాటి గుణదోషాలు అర్థం కావు.

ప్రాసెస్ కెమెరా అనేది గీసిన బొమ్మనో, పటాన్నో, అక్షరాలు కూర్చిన పుటనో ఫిలిం మీదికి ఎక్కించి, ఆ ఫిలిం నుంచి జింకు బ్లాకు గానీ ఆఫ్‌సెట్ ప్లేటు గానీ తయారు చేయడానికి ఉద్దేశించిన భారీ యంత్రం. దాని లెన్సు చూసేది లోతు లేని చదునైన కాగితాన్ని. ఆ కాగితం మధ్యలో ఎంత స్పష్టత ఉంటుందో నాలుగు మూలల్లోనూ అంతే ఉండాలి, సరళరేఖ సరళరేఖగానే రావాలి, కొలత వెంట్రుకవాసి తప్పకూడదు. పటాల విషయంలో ఈ నియమం మరీ కఠినం. భద్రాచలం పట్టణం సర్వే ఆఫ్ ఇండియా పాత సంఖ్యా పద్ధతిలో 65 సి/14 అనే షీటులో ఉంటుంది. అక్షాంశంలో 15 కళలు, రేఖాంశంలో 15 కళలు కొలిచే ఆ షీటును 1:50,000 స్కేలులో గీస్తే పటం దాదాపు 53 సెంటీమీటర్ల వెడల్పు, 55 సెంటీమీటర్ల ఎత్తు అవుతుంది. దాన్ని అదే పరిమాణంలో నకలు తీయాలంటే, 24 అంగుళాల, అంటే 610 మిల్లీమీటర్ల ప్రాసెస్ లెన్సుకు ముందు 1.22 మీటర్లు, వెనుక 1.22 మీటర్లు స్థలం కావాలి. ఇంత పెద్ద కెమెరాను కదిలించే పని లేదు కాబట్టి చాలాచోట్ల దాన్ని చీకటి గది గోడలోనే అమర్చి, ఫిలిం పెట్టే భాగం గది లోపలికి, పటం పెట్టే భాగం వెలుపలికి ఉండేలా కట్టేవారు.

రంగుల ముద్రణ వచ్చాక లెన్సుకు ఇంకో పరీక్ష తోడైంది. 1947 జూలైలో మొదలైన చందమామ పాఠకులకు మద్రాసులోని ప్రసాద్ ప్రాసెస్ ముద్రణాలయం పేరు పరిచితమే. వడ్డాది పాపయ్య వేసిన ముఖచిత్రం లాంటి రంగుల బొమ్మ ఆ కాలపు ముద్రణలో కాగితం మీదికి రావాలంటే, దాన్ని ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఫిల్టర్ల గుండా వేరువేరుగా నెగటివ్‌లు తీసి, వాటి నుంచి వేరువేరు ప్లేట్లు చేసి, ఒకదానిపై ఒకటిగా అచ్చువేయాలి. మామూలు గాజు ముక్క ఎరుపు కాంతిని తక్కువగానూ నీలి కాంతిని ఎక్కువగానూ వంచుతుంది కాబట్టి, ఎరుపు నెగటివ్‌లోని బొమ్మకూ నీలం నెగటివ్‌లోని బొమ్మకూ పరిమాణంలో సూక్ష్మమైన తేడా వస్తుంది, అచ్చులో రంగులు ఒకదాని అంచు దాటి మరొకటి బయటికి కనిపిస్తాయి. ఈ దోషాన్ని వర్ణ విపథనం అంటారు. రెండు రంగులను ఒకే నాభికి తెచ్చే లెన్సు అవర్ణక లెన్సు, మూడు రంగులను ఒకే నాభికి తెచ్చేది అపోక్రొమాట్; రెండోదాన్ని 1886లో జర్మనీకి చెందిన ఎర్నెస్ట్ ఆబె సూక్ష్మదర్శిని కోసం సాధించాడు. బెర్లిన్‌లోని గోయెర్జ్ సంస్థ 1904లో రూపొందించిన ఆర్టార్ ఆ గుణాన్ని ముద్రణ కెమెరాకు తెచ్చింది. ఒకదానికొకటి అతకని నాలుగు గాజు ముక్కలు, కాంతి వెళ్లే ద్వారానికి అటు రెండు, ఇటు రెండు, అద్దంలో ప్రతిబింబంలా ఎదురెదురుగా ఉంటాయి. ఈ సౌష్ఠవం వల్ల ముందు జంట చేసిన వంకరను వెనుక జంట సరిచేస్తుంది; వస్తువు, ప్రతిబింబం ఒకే పరిమాణంలో ఉన్నప్పుడు ఆ సవరణ పరిపూర్ణతకు అతి దగ్గరగా ఉంటుంది. రోడెన్‌స్టాక్ వారి అపో-రోనార్, నికాన్ వారి అపో-నిక్కోర్‌లలో చాలా భాగం ఇదే మార్గంలో నడిచాయి. ష్నైడర్ వారి జి-క్లారోన్ కట్టుబడి వేరు గానీ చేసే పని అదే.

స్కానర్లూ, కంప్యూటర్ నుంచి నేరుగా ప్లేటు చేసే యంత్రాలూ వచ్చాక ప్రాసెస్ కెమెరాలు పాత ఇనుము ధరకు పోయాయి. యంత్రం పోయినా లెన్సు మిగిలింది.

ఇక్కడ ఒక సందేహం సహజంగా కలుగుతుంది. రెండు మీటర్ల లోపు చదును కాగితం కోసం లెక్కగట్టిన లెన్సు, పది కిలోమీటర్ల దూరంలోని కొండకు పనికివస్తుందా? అనుభవజ్ఞులు దీనికి ఔననే అంటారు, కారణం ద్వారం పరిమాణంలో ఉంది. ఎఫ్ సంఖ్య అంటే నాభ్యంతరాన్ని ద్వారం వ్యాసంతో భాగించగా వచ్చే విలువ. సంఖ్య పెరిగేకొద్దీ ద్వారం చిన్నదవుతుంది. ప్రాసెస్ లెన్సులు ఎఫ్/9 లేక అంతకంటే చిన్న ద్వారంతోనే మొదలవుతాయి, ఛాయాగ్రాహకుడు వాటిని ఎఫ్/22 నుంచి ఎఫ్/64 దాకా కుదించి వాడతాడు. అంత చిన్న ద్వారం వద్ద దూరం మారడం వల్ల వచ్చే మిగులు దోషాలు కంటికి ఆనని స్థాయికి తగ్గిపోతాయి. వ్యాప్తి కూడా సరిపోతుంది. ఆర్టార్ తరహా లెన్సులకు సుమారు 46 డిగ్రీల కోణం దక్కుతుంది. 610 మిల్లీమీటర్ల లెన్సు ఆ కోణంతో అనంత దూరానికి కుదిరినప్పుడు ఫిలిం తలంలో 518 మిల్లీమీటర్ల వ్యాసం గల వృత్తాన్ని వెలిగిస్తుంది. 8×10 పలకకు కావలసింది 312 మాత్రమే. మిగిలిన వెలుగు వృత్తం లెన్సును పైకీ పక్కకీ జరుపుకోవడానికి వీలిస్తుంది, కానీ అదే వెలుగు బెలోస్ గోడలకు తగిలి చెదిరి నెగటివ్‌లో వెలుగునీడల తేడాను తగ్గిస్తుంది కాబట్టి లెన్సు ముందు నల్లని గొడుగు తప్పనిసరి.

అమ్మకందారులు అందరికంటే ఎక్కువగా పొగిడేది అపోక్రొమాటిక్ గుణాన్నే గనుక, దాన్ని లెక్కకట్టి చూడటం అవసరం. సాధారణ అవర్ణక లెన్సులో మూడో రంగు నాభి తప్పే దూరం రమారమి నాభ్యంతరంలో రెండువేల వంతు. 600 మిల్లీమీటర్లకు అది 0.3 మిల్లీమీటర్లు. ఎఫ్/9 వద్ద ఆ తప్పు వల్ల బిందువు 0.033 మిల్లీమీటర్ల చుక్కగా వ్యాపిస్తుంది. ఎఫ్/45 వద్ద అది 0.007 మిల్లీమీటర్లకు కుంచించుకుపోతుంది. ఇక వివర్తనం సంగతి చూస్తే, చిన్న రంధ్రం గుండా వెళ్లే కాంతి తన స్వభావం చేతనే కాస్త విచ్చుకుంటుంది, ఏ లెన్సూ దాన్ని ఆపలేదు. ఎఫ్/45 వద్ద దాని వల్ల ఏర్పడే చుక్క వ్యాసం 0.06 మిల్లీమీటర్లు, ఎఫ్/64 వద్ద 0.086. పాతిక సెంటీమీటర్ల దూరం నుంచి మనిషి కన్ను విడదీయగలిగే హద్దు 0.1 మిల్లీమీటరు పరిసరాల్లో ఉంటుంది కాబట్టి నేరు అచ్చుకు ఇవేవీ అడ్డం రావు. పెంచి అచ్చువేసేవారు మాత్రం ఎఫ్/32 దాటకపోవడం మేలు. మొత్తం మీద, వాడుకలో ఉండే ద్వారాల వద్ద అపోక్రొమాట్ అనే మాటకు ఉన్న విలువ ధరలో కనిపించినంతగా చిత్రంలో కనిపించదు. పేరు చెక్కిన ఇత్తడి చట్రానికి అదనపు సొమ్ము పెట్టేకంటే ఆ సొమ్మును గట్టి ట్రైపాడ్‌కు పెట్టడం తెలివైన పని.

అయితే ఈ అడవి అంచున ఆ గుణానికి కొంత పని దొరికే సందర్భం ఒకటి ఉంది. పాల్వంచ, సారపాక పరిసరాల పరిశ్రమల పొగ, వేసవి దుమ్ము, పోడు కొట్టి కాల్చిన పొగ కలిసి దూరపు కొండల మీద నీలిపొర కప్పుతాయి. గాలిలోని అణువులు కాంతిని చెదరగొట్టే తీరు తరంగదైర్ఘ్యపు నాలుగో ఘాతానికి విలోమంగా ఉంటుంది కాబట్టి, 450 నానోమీటర్ల నీలి కాంతి 650 నానోమీటర్ల ఎరుపు కాంతి కంటే నాలుగు రెట్లకు పైగా చెదురుతుంది. లెన్సు ముందు ఎరుపు ఫిల్టర్ పెడితే ఆ చెదిరిన నీలి వెలుగు ఆగిపోయి కొండ బయటపడుతుంది. పొగలోని నలుసులు అణువుల కంటే చాలా పెద్దవి గనుక వాటికి ఈ సూత్రం పూర్తిగా వర్తించదు. దట్టమైన పొగను ఏ ఫిల్టరూ చీల్చదు, వాన వెలిసి దుమ్ము కడిగేసిన ఉదయమే దానికి మందు. ఫిల్టర్ లేకుండా కుదిర్చి, తర్వాత ఎరుపు ఫిల్టర్ తగిలించినా అపోక్రొమాట్‌లో నాభి కదలదు. సాధారణ లెన్సులో కదులుతుంది, కానీ ఫిల్టర్ పెట్టిన తర్వాతే కుదిర్చితే ఆ చిక్కు కూడా తీరిపోతుంది.

నిజానికి పొడవైన లెన్సు ఎంపికను శాసించేది గాజు కాదు, బెలోస్. 600 మిల్లీమీటర్ల లెన్సుకు అనంత దూరంలోని కొండను చూడటానికే 600 మిల్లీమీటర్ల బెలోస్ కావాలి, దగ్గరి వస్తువుకు అంతకు మించి కావాలి. ఫిబ్రవరి, మార్చిలో పూసే మోదుగ గుత్తిని సగం పరిమాణంలో తీయదలచుకుంటే అదే లెన్సుకు 900 మిల్లీమీటర్లు కావాలి. వెలుగు కూడా రెండుంపావు రెట్లు ఎక్కువ ఇవ్వాలి. పేరెన్నికగన్న డియర్‌డార్ఫ్ 8×10 చెక్క కెమెరా బెలోస్ సాగేది 30 అంగుళాలు, అంటే 762 మిల్లీమీటర్లు. దానికి 760 మిల్లీమీటర్ల లెన్సు తగిలిస్తే కొండను చూడగలదు గానీ, ఎదుట కొద్ది దూరంలో ఉన్న దేన్నీ కుదర్చలేదు. 890, 1,210 మిల్లీమీటర్ల అపో-నిక్కోర్‌లు తక్కువ ధరకు దొరికినప్పుడు ఆశపడి కొన్నవారికి తర్వాత తెలిసేది ఇదే: వాటికి సరిపడే కెమెరా అమ్మకానికి దొరకదు, కట్టించుకోవాలి.

పొడవు పెరిగేకొద్దీ గాలి శత్రువవుతుంది. గోదావరి ఇసుక తిన్నెల మీదుగా మధ్యాహ్నం వీచే గాలికి సాగదీసిన బెలోస్ తెరచాపలా ఉబ్బుతుంది. కెమెరా పీఠం 90 సెంటీమీటర్లు అనుకుంటే, దాని కొన 0.075 మిల్లీమీటర్లు పైకో కిందికో ఒరిగినా చాలు, 600 మిల్లీమీటర్ల లెన్సు ప్రతిబింబం 0.05 మిల్లీమీటర్లు జరిగిపోతుంది. అంటే మనిషి వెంట్రుక మందం కంటే తక్కువ కదలిక, లెన్సు తయారీదారు కష్టపడి సాధించిన స్పష్టతను మింగేస్తుంది. అందువల్ల పొడవైన కెమెరాకు ఒక ట్రైపాడ్ చాలదు, లెన్సు కొన కింద రెండో ఊత ఉండాలి. వేసవి పగటి వేళ ఇసుక మీది నుంచి లేచే వేడి గాలి ఇంకో అడ్డంకి. మామూలు కంటికే ఆవలి గట్టు అలలు అలలుగా కదులుతున్నట్టు కనిపించే వేళలో పొడవైన లెన్సు ఆ అలల్నే పెద్దవి చేసి చూపిస్తుంది. తెల్లవారిన తర్వాత మొదటి గంటలోనే పని ముగించాలన్న నియమానికి కాంతి అందంకన్నా ఈ భౌతిక కారణమే బలమైనది.

బెలోస్ సమస్యకు టెలిఫొటో కట్టుబడి ఒక పరిష్కారం. 1891 ప్రాంతంలో ఇంగ్లండులో డాల్‌మేయర్, జర్మనీలో మీథె, స్టైన్‌హైల్ దాదాపు ఒకేసారి చేరిన ఈ మార్గంలో, ముందు కేంద్రీకరించే గాజు, వెనుక వికేంద్రీకరించే గాజు ఉండటం వల్ల 600 మిల్లీమీటర్ల లెన్సుకు దాదాపు మూడింట రెండు వంతుల బెలోస్‌తోనే పని జరుగుతుంది. నిక్కోర్-టి లెన్సులు ఈ తరహావి. వీటి వ్యాప్తి తక్కువ. పైగా లెన్సు పలకను వంచినప్పుడు ప్రతిబింబం ఊహించని వైపు జరిగిపోయి గరుకు గాజు మీద వెతుక్కోవాల్సి వస్తుంది. 4×5 కెమెరా భుజాన వేసుకుని కిన్నెరసాని అభయారణ్యం లోపలికి నడిచేవారికి టెలిఫొటో నయం. కరకట్ట మీద, వంతెన పక్కన, వాహనం చేరే చోట 8×10 నిలిపేవారికి ప్రాసెస్ లెన్సే నయం.

స్పష్టత వ్యాపించే లోతు గురించి పొడవైన లెన్సు కనికరం చూపదు. నేరు అచ్చుకు 0.2 మిల్లీమీటర్ల మసకను అనుమతించదగినదిగా తీసుకుంటే, ఎఫ్/45 వద్ద 300 మిల్లీమీటర్ల లెన్సును 10 మీటర్లకు కుదిర్చితే 5 మీటర్ల నుంచి అనంతం దాకా స్పష్టంగా వస్తుంది. 480 మిల్లీమీటర్ల లెన్సుకు ఆ తొలి హద్దు సుమారు 13 మీటర్లు, 600కు 20 మీటర్లు, 1,210కి 80 మీటర్లు. అడవి లోపల నిలబడి ముందున్న ఇప్ప మానునూ వెనుకనున్న గుట్టనూ ఒకే చిత్రంలో బిగించాలనుకునేవారికి 600 మిల్లీమీటర్లు పనికిరావు, అది అడవి అంచుకే సరిపోయే కొలత. ఎదురుగా 40 మీటర్ల దూరంలోని వెదురుకూ క్షితిజం మీది కొండకూ మధ్య ఈ లెన్సులో నాభి తేడా 9 మిల్లీమీటర్లు. గరుకు గాజు మీద భూతద్దం ఆనించి ముందుకూ వెనక్కూ జరుపుతూ చూస్తే, వెదురు కణుపులు తేటపడ్డ క్షణంలో కొండ గట్టు గీత కరిగిపోవడం, కొండ తేటపడ్డప్పుడు వెదురు పచ్చని మరకగా మారడం స్పష్టంగా కనిపిస్తుంది. ఆ 9 మిల్లీమీటర్లలో రెంటికీ మధ్యస్థంగా నిలిపి ద్వారం కుదించడమే చేయగలిగింది.

నది విషయంలో మాత్రం ప్రకృతి కొంత వీలు కల్పించింది, ఎందుకంటే నీరూ ఇసుకా చదునుగా ఉంటాయి. లెన్సు పలకను ముందుకు వంచితే స్పష్టంగా వచ్చే తలం నిలువుగా కాక నేల వెంట పడుకుంటుంది. 1904లో పేటెంటు పొందిన ఆస్ట్రియా సైనికాధికారి థియొడోర్ షైంఫ్లుగ్ పేరుతో ఈ సూత్రం ప్రసిద్ధం. ఎంత వంచాలన్నది నాభ్యంతరాన్ని కెమెరా ఎత్తుతో భాగిస్తే తేలుతుంది. వేసవిలో కరకట్ట మీది లెన్సు ఇసుకకు 10 మీటర్ల ఎత్తున ఉందనుకుంటే 600 మిల్లీమీటర్ల లెన్సును 3.4 డిగ్రీలు వంచితే చాలు. అప్పుడు స్పష్టమైన ప్రదేశం దగ్గర సన్నగా, దూరం పోయేకొద్దీ వెడల్పుగా విచ్చుకుంటుంది. ఎఫ్/45 వద్ద 40 మీటర్ల దూరంలో ఇసుక తలానికి పైన పది మీటర్ల దాకా, 1,200 మీటర్ల దూరంలో 300 మీటర్ల దాకా అది చేరుతుంది. కాళ్ల ముందరి ఇసుక మడతలూ, ఆవలి గట్టు చెట్లూ, వాటి వెనుక గుట్టలూ అన్నీ ఒకే పలక మీద బిగుసుకుంటాయి. అదే లెన్సుతో నేల మీద, మనిషి ఎత్తున, 1.5 మీటర్ల దగ్గర నిలబెట్టి ఇదే పని చేయబోతే 23 డిగ్రీలకు పైగా వంచాలి, ప్రాసెస్ లెన్సు వ్యాప్తి హద్దు అక్కడికే అయిపోతుంది. పొడవైన లెన్సు పట్టుకున్నవారు ఎత్తైన గట్టు వెతుక్కోవడం వెనుక ఉన్న లెక్క ఇదే.

ప్రాసెస్ లెన్సుల్లో చాలా వాటికి షట్టర్ ఉండదు. ముద్రణాలయంలో దీపాలు వెలిగించి ఆర్పడమే షట్టర్ పని చేసేది. ఆరుబయట ఈ లోటును మూడు విధాలుగా పూడ్చుకోవచ్చు. షట్టర్ లేని ఈ గొట్టపు లెన్సుల ముందు పెద్ద షట్టర్ బిగించడం ఒక మార్గం గానీ, కోపల్ 3 షట్టర్ ద్వారం 45 మిల్లీమీటర్లే కాబట్టి ఎఫ్/9 లెన్సు 610 మిల్లీమీటర్ల వద్ద ఎఫ్/13.5 స్థాయికి దిగిపోతుంది. పని చేసే ద్వారం ఎఫ్/45 అయినప్పుడు దానివల్ల నష్టం లేదు, గరుకు గాజు మీద బొమ్మ కాస్త చీకటిగా కనిపిస్తుందంతే. రబ్బరు బుడ్డి నొక్కితే గాలితో తెరుచుకునే ప్యాకార్డ్ షట్టర్ రెండోది. మూడోది అన్నిటికన్నా పాతదీ, డబ్బు అక్కరలేనిదీ అయిన లెన్సు మూత. దాని సాధ్యాసాధ్యాలు లెక్కలోనే తేలతాయి: ఐఎస్ఓ 100 ఫిలింకు ఎండలో ఎఫ్/16 వద్ద సెకనులో నూరో వంతు సరిపోతుంది, ఎఫ్/45 వద్ద పన్నెండో వంతు కావాలి, ఎరుపు ఫిల్టర్ తోడైతే సెకనులో మూడింట రెండు వంతులు, ఎఫ్/64 వద్ద సెకనుకు పైగా. ఆ దశలో మూత తీసి పెట్టడానికి చెయ్యి చాలు. ఇక ద్వారాన్ని మార్చడానికి లెన్సు నడుం మీద ఉండే సన్నని చీలికలో రంధ్రం గల రేకులను దూర్చే ఏర్పాటును ఇంగ్లండులోని హాలిఫాక్స్‌కు చెందిన జాన్ వాటర్‌హౌస్ 1858లో వాడుకలోకి తెచ్చాడు. సర్వే ఆఫ్ ఇండియా కలకత్తా కార్యాలయంలో ఛాయాచిత్ర విభాగాన్ని మూడు దశాబ్దాలు నడిపిన జేమ్స్ వాటర్‌హౌస్ వేరే వ్యక్తి. నీలి కాంతికే స్పందించే ఆనాటి ఫలకాలను ఎయొసిన్ అనే రంగుతో ఆకుపచ్చకు కూడా స్పందించేలా చేయవచ్చని 1875లో కనిపెట్టినది ఈ రెండో వాటర్‌హౌసే.

ఆ పరిశోధన ఫలం ఈనాటి పేద ఛాయాగ్రాహకుడికీ అందుతోంది. దిగుమతి అయ్యే 8×10 ఫిలిం ఖరీదును భరించలేనివారు అదే కొలతలో వైద్యశాలలకు అమ్ముడయ్యే ఎక్స్‌రే ఫిలిం వాడతారు. నీలానికీ ఆకుపచ్చకూ మాత్రమే స్పందించే ఆ ఫిలింను ఎర్రదీపం వెలుగులో చూస్తూ కడగవచ్చు. దానికి ఎరుపు ఫిల్టర్ నిషిద్ధం, పెడితే చిత్రమే రాదు. పసుపు ఫిల్టర్‌తో నీలిపొరను కొంత తగ్గించుకోవడమే దారి. ఎరుపు అసలు లెక్కలోకే రాని ఈ ఫిలిం మీద అపోక్రొమాట్‌కూ సాధారణ లెన్సుకూ తేడా వెతకడం వృథా.

ఈ లెక్కలన్నీ కలిపి చూస్తే ఖమ్మం, భద్రాచలం అటవీ సరిహద్దుకు 480 నుంచి 610 మిల్లీమీటర్ల మధ్య లెన్సు సరిపోతుందని చెప్పవచ్చు. 480 ఉన్నవారు అడవి లోపలి ఖాళీ మైదానాల్లోనూ, కూనవరం వద్ద శబరి వచ్చి గోదావరిలో కలిసే చోట రెండు నీళ్ల రంగులు కనిపించే విశాలమైన దృశ్యానికీ దాన్ని వాడుకోవచ్చు. 610 మిల్లీమీటర్ల లెన్సు భద్రాచలం నుంచి ఆవలి గట్టులో రమారమి అర కిలోమీటరు మేరను పలక నిండా పడుతుంది, 762 మిల్లీమీటర్ల బెలోస్‌లో ఇమిడి ఇంకా దగ్గరి వస్తువుకు కొంత వీలు మిగులుస్తుంది. రెంటిలో ఒక్కటే ఎంచుకోవాల్సి వస్తే, 300 మిల్లీమీటర్ల లెన్సు ఇప్పటికే ఉన్నవారికి 610 ఎక్కువ ఉపయోగం. 480 ఆ 300కు మరీ దగ్గరి చుట్టం. మోయగలిగితేనే లెన్సు అన్న సూత్రాన్ని నమ్మేవారికి ఫ్యూజినాన్-సి 600 మిల్లీమీటర్ల లెన్సు ఉంది. షట్టర్‌తో సహా వచ్చే ఆ లెన్సు తేలికైనది, ధర మాత్రం ప్రాసెస్ లెన్సుకు అందనంత దూరం.

ఇక్కడ తీయడానికి అనుమతుల సంగతి కూడా లెన్సు ఎంపికలో భాగమే, ఎందుకంటే ఈ నేల చుట్టూ సరిహద్దులే. 1874 నుంచి మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి జిల్లాకు చెందిన భద్రాచలం ప్రాంతానికీ నిజాం రాజ్యానికీ నడుమ ఒకప్పుడు నదే సరిహద్దు. 1959లో ఆ ప్రాంతం ఖమ్మం జిల్లాలో కలిసింది. 2014లో పట్టణం తెలంగాణలో మిగిలి, చుట్టూ ఉన్న ఊళ్లు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. ఉత్తరాన ఛత్తీస్‌గఢ్ అడవి మొదలవుతుంది. మూడడుగుల నల్లని పెట్టెను మూడు కాళ్ల మీద నిలిపితే దూరం నుంచి చూసేవారికి అది ఏమిటో తెలియదు, దశాబ్దాల ఘర్షణ చూసిన ప్రాంతంలో ఆ అనుమానం సహజం; అటవీ శాఖ అనుమతి, స్థానిక పోలీసులకు ముందస్తు సమాచారం, ఊళ్లోని కోయ పెద్దలతో మాట, ఈ మూడూ లేకుండా పని మొదలుపెట్టరాదు.

పాత లెన్సు చేతికి వచ్చినప్పుడు చూడవలసిన వాటిలో మొదటిది బూజు. జూలై నుంచి సెప్టెంబరు దాకా గోదావరి లోయలో గాలి తేమతో బరువెక్కి ఉంటుంది, మూసిన పెట్టెలో మూలపడ్డ లెన్సు లోపలి గాజు మీద సాలెగూడు దారాల్లాంటి బూజు పాకుతుంది. లెన్సు ద్వారం పూర్తిగా తెరిచి, వెనుక నుంచి చిన్న టార్చి వెలిగించి ఏటవాలుగా చూస్తే ఆ దారాలు మెరుస్తాయి. ఆర్టార్, అపో-రోనార్ తరహా లెన్సులకు ఇక్కడ ఒక మేలు ఉంది: వాటి నాలుగు గాజు ముక్కలూ విడివిడిగా ఉండటం వల్ల అతికించిన జిగురు వేడికి పగిలి అంచుల్లో మెరుపు చారలు తేలే జబ్బు వాటికి రాదు. చెడ్డ కూడా అందులోనే ఉంది. గాలికి తెరుచుకున్న ఎనిమిది గాజు తలాల్లో ఒక్కొక్కటి పూత లేకపోతే నూటికి నాలుగైదు వంతుల వెలుగును వెనక్కి కొడుతుంది, మొత్తం మీద మూడో వంతు పోతుంది, అందులో కొంత చెదిరి ఫిలిం మీద పడుతుంది. తెల్లని ఇసుకా, మెరిసే నీరూ సగం చిత్రాన్ని ఆక్రమించే గోదావరి దృశ్యానికి పూత లేని, రెండో ప్రపంచ యుద్ధానికి ముందటి ఆర్టార్ కంటే పూత వేసిన తర్వాతి కాలపు ఆర్టార్ మేలైనది. గాజు మీద చిన్న గీత ఉన్నా బాధ లేదు గానీ, గాజు అంతటా పట్టిన పలుచటి మసక చిత్రాన్ని పాడుచేస్తుంది. పూత సంగతి తేల్చుకోవాలంటే లెన్సును కిటికీ వైపు పట్టి గాజు మీది ప్రతిబింబాలను లెక్కపెట్టాలి. పూత ఉన్నది నీలంగా, ఊదాగా మెరుస్తుంది, లేనిది తెల్లగా. తెల్లని ప్రతిబింబాలు ఎక్కువ ఉన్న లెన్సుకు ధర తగ్గించి అడగవచ్చు, కొన్న తర్వాత సిలికా జెల్ పొట్లాలు వేసిన గాలి చొరని డబ్బాలో భద్రపరిచి, వానాకాలమంతా పదిహేను రోజులకోసారి తీసి ఎండ పొడ తగిలే చోట కాసేపు ఉంచితే బూజు పట్టకుండా కాపాడుకోవచ్చు.